ఉప్పుగాలిలో పాతకారు బ్రేకు

*సాల్మియా తీరంలో పాత కార్ల బ్రేకులకు రంగులు వేయించే మోజు బాగానే ఉంది; ఆ రంగు ఎక్కడ ఆగిపోవాలో తెలిసిన చేతులు మాత్రం కొన్నే.*

ఆగస్టు చివరి వారాల్లో ఆగ్నేయం నుంచి వీచే ‘కౌస్’ గాలి గల్ఫ్ నీటి ఆవిరిని మోసుకొచ్చి సాల్మియా మీద కుమ్మరించే రాత్రుల్లో, అరేబియన్ గల్ఫ్ స్ట్రీట్ వెంబడి నిలిపి ఉంచిన కార్ల అద్దాలు వాన చినుకు పడకుండానే తడిసి ధారలు కడతాయి. డ్రైవర్లు గుడ్డతో తుడిచిన కాసేపటికే ఆ తడి మళ్లీ పొరగా కమ్ముకుంటుంది. ఆ వరుసలో 1960ల నాటి అమెరికన్ కారు ఒకటి నిలిచి ఉంటే దాని క్రోమియం బంపరూ, తెల్ల అంచు టైర్లూ దారిన పోయేవారిని ఆపి మరీ చూపించుకుంటాయి గాని, చక్రపు కన్నాల గుండా లోపలికి తొంగిచూసినవారికి కనిపించేది వేరు: డ్రమ్ము చుట్టూ నారింజరంగు పొడి, పొలుసులుగా లేచిన ఇనుము, బ్రేకు గొట్టం మీద బుడిపెలు కట్టిన గోధుమరంగు మచ్చలు. బయట తళతళలాడే కారు లోపల తుప్పు పట్టే చోటు, ఆ కారును ఆపవలసిన చోటే కావడం ఇక్కడి విశేషం.

కువైట్‌లో పాత కార్ల ముచ్చట చలికాలపు వ్యవహారం. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం మనుషులకు అనువుగా ఉండే రోజుల్లో యజమానులు తమ బండ్లను బయటికి తీస్తారు. షువైఖ్‌లో చారిత్రక, వింటేజ్, క్లాసిక్ కార్ల ప్రదర్శనశాల ఉంది. సాల్మియాలోని మరీనా క్రెసెంట్ తీరంలో ‘కాంకూర్ డెలిగాన్స్’ పేరిట అందాల పోటీలను తలపించే కార్ల ప్రదర్శనలు జరిగాయి. ఈ ప్రదర్శనల ప్రభావమో, కొత్త స్పోర్ట్స్ కార్ల అనుకరణో గాని, చక్రపు ఊచల సందుల్లోంచి కనిపించే బ్రేకు భాగాలకు ఎరుపో పసుపో పూయించడం ఒక ముస్తాబుగా మారింది. మరోవైపు, 1976 నాటి ట్రాఫిక్ చట్టాన్ని సవరించి జరిమానాలను బాగా పెంచిన కొత్త చట్టం 2025 ఏప్రిల్ 22 నుంచి అమల్లోకి వచ్చింది; నాటి నుంచి డ్రైవర్ల గదుల్లో కబుర్లన్నీ బండి కండిషన్ చుట్టూ, కాగితాల చుట్టూ తిరుగుతున్నాయి. ముస్తాబు కోసం అడిగే యజమానికీ, బండి ఆగకపోతే జవాబు చెప్పుకోవలసిన డ్రైవరుకూ మధ్య, ఒక స్ప్రే డబ్బా చేయగల మేలెంత, కీడెంత అన్నది తేల్చుకోవలసిన విషయమే.

ఉప్పు చేసే పని

ఇనుము తుప్పు పట్టడానికి గాలిలోని ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. నీరు లేని ఎడారి గాలిలో ఇనుము ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండగలదు గనుక, ఏడాదికి వంద మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే కువైట్‌లో తుప్పు సమస్య ఉండకూడదని పైచూపుకు తోస్తుంది. ఎడారి లోపలి ప్రాంతాల్లో అది కొంత నిజం కూడా. సాల్మియా విషయంలో ఆ లెక్క తప్పుతుంది. ఈ పట్టణం సముద్రంలోకి చొచ్చుకువెళ్లిన భూభాగం మీద ఉంది. దాన్ని ఒరుసుకునే గల్ఫ్ జలాలు లోతు తక్కువై, ఎండకు విపరీతంగా ఆవిరవుతూ ఉండటం వల్ల, ప్రపంచ సముద్రాల సగటు ఉప్పదనం కిలో నీటికి 35 గ్రాములైతే ఇక్కడ అది 40 గ్రాముల పైచిలుకే. అలల తుంపరతో లేచిన ఈ ఉప్పు గాలిలో కలిసి, ధూళితో జతకట్టి, చక్రాల వెనుక చేరుతుంది.

చేరిన ఉప్పు ఊరికే ఉండదు. కొన్ని లవణాలు గాలిలోని తేమను తామే పీల్చుకొని ద్రవంగా మారిపోతాయి. వంటింట్లో వాడే ఉప్పుకు ఇందుకు గాలిలో సుమారు 75 శాతం తేమ కావాలి గాని, సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. అంటే కారు మీద చుక్క నీరు పడకపోయినా, బ్రేకు డ్రమ్ము మీద కంటికి కనిపించనంత పలుచని ఉప్పునీటి పొర రాత్రంతా నిలిచే ఉంటుంది. ఆ పొర విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది గనుక ఇనుము కరిగే రసాయనిక చర్య వేగం పుంజుకుంటుంది. క్లోరైడ్ అయాన్లు ఇనుము తన మీద తాను కట్టుకునే పలుచని రక్షణ పొరను కూడా ఛేదిస్తాయి. ఈ గల్ఫ్ గాలిలో ఎంత నీరుంటుందో తెలియాలంటే ఒక్క రికార్డు చాలు: 2003 జూలై 8న సౌదీ తీరంలోని దహ్రాన్‌లో మంచుబిందు ఉష్ణోగ్రత, అనగా గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 35 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది.

దీనికి తోడు ఇంటి వాడుక ఒకటి ఉంది. కువైట్‌లో తాగేందుకు సముద్రజలాన్ని శుద్ధి చేసిన మంచినీరూ, తోటలకు భూగర్భం నుంచి తోడిన ఉప్పునీరూ వేర్వేరు గొట్టాల ద్వారా సరఫరా అవుతాయి. లీటరుకు కొన్ని గ్రాముల లవణాలుండే ఆ రెండో నీటిని ఇళ్లలో తోట కుళాయిగానే చూస్తారు. తెల్లవారుజామున బండి కడిగే మనిషికి చేతికి దగ్గరగా ఉండేది ఆ కుళాయే. దాంతో కడిగిన కారు పైన శుభ్రంగా కనబడుతుంది. చక్రం వెనుక చేరిన నీరు ఎండకు ఆవిరై ఉప్పును అక్కడే వదిలేస్తుంది. ఎంత ఖరీదైన రంగు వేయించినా ఈ ఒక్క అలవాటు మారకపోతే ఆ ఖర్చులో సగం వృథా అనుకోవచ్చు.

> 1912: రెండు కార్లు, రెండు నగరాలు
> కువైట్‌కు తొలి కారు 1912లో వచ్చింది. బొంబాయిలో వ్యాపారం చేసిన అల్ ఇబ్రహీం వంశీకుడు ఖాసిం, నాటి పాలకుడు షేక్ ముబారక్‌కు బెల్జియంలో తయారైన మినర్వా కారును కానుకగా ఇచ్చాడు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికీ ప్రదర్శనలో ఉన్న నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కూడా 1912 నాటిదే. ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్ కార్లకు ముందు చక్రాలకు బ్రేకులే ఉండేవి కావు. రోల్స్ రాయిస్ సంస్థ వాటిని 1920ల మధ్యకు గాని ప్రవేశపెట్టలేదు. కువైట్ నుంచి చమురు ఎగుమతి 1946లో మొదలయ్యాక గాని అమెరికన్ కార్ల వెల్లువ రాలేదు.

రంగు తాకరాని చోట్లు

బ్రేకు అనేది రాపిడితో పనిచేసే యంత్రం. డ్రమ్ము బ్రేకులో చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్ము లోపలి గోడను, అర్ధచంద్రాకారపు రెండు బ్రేకు షూలు లోపలి నుంచి బయటికి ఒత్తుతాయి. డిస్కు బ్రేకులో తిరిగే ఇనుప పళ్లాన్ని రెండు ప్యాడ్లు ఇరువైపుల నుంచి బిగించి పడతాయి, ఆ బిగింపును కలిగించే బరువైన ఇనుప పట్టకారే కాలిపర్. డిస్కు ఆలోచనకు లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందినా, 1953లో ల మాన్ పందెంలో జాగ్వార్ కార్లు డన్‌లప్ డిస్కులతో గెలిచాక గాని దానికి పేరు రాలేదు. పాత కార్లలో డ్రమ్ము, డిస్కు, కాలిపర్ దాదాపు పోత ఇనుముతో చేసినవే. పోత ఇనుము వేడిని భరిస్తుంది, చవక, కాని రక్షణ పూత లేకపోతే ఒక్క తడి రాత్రికే ఎర్రబారుతుంది.

ఈ నిర్మాణాన్ని గమనిస్తే రంగు ఎక్కడ వేయకూడదో తనంతట తానే తెలుస్తుంది. ప్యాడ్ తాకే డిస్కు ముఖం మీద, షూ తాకే డ్రమ్ము లోపలి గోడ మీద రంగు ఉండకూడదు. అక్కడ పట్టే పలుచని తుప్పు నాలుగుసార్లు బ్రేకు తొక్కితే గీసుకుపోతుంది, కాని రంగు వేడికి మెత్తబడి ప్యాడ్ లోకి ఇంకి బ్రేకు పట్టును జారుడు చేస్తుంది. కర్మాగారం నుంచే జింకు, అల్యూమినియం రేకుల పూతతో పూర్తిగా కప్పబడి వచ్చే కొత్త డిస్కులు ఇందుకు మినహాయింపు, ఎందుకంటే ఆ పూత తొలి బ్రేకులకే చెరిగిపోయేలా తయారైంది. చక్రం వచ్చి కూర్చునే హబ్ ముఖం మీద మందపాటి రంగు ఉంటే బిగించిన నట్లు కొన్నాళ్లకు ఆ రంగు నలిగినంత మేర వదులవుతాయి. కాలిపర్ జారే పిన్నుల మీద, పిస్టను చుట్టూ ఉండే రబ్బరు తొడుగు మీద, మర చుట్లలో రంగు పడితే కదలవలసినది కదలదు. వీటన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది గాలి తీసే చిన్న బ్లీడర్ మర: దాని కన్నం రంగుతో మూసుకుపోతే, బ్రేకు ఆయిల్ మార్చవలసిన రోజున అది రాదు, బలంగా తిప్పితే విరిగి కాలిపర్‌నే పాడుచేస్తుంది. చక్రం విప్పకుండా ఊచల సందుల్లోంచి డబ్బాతో కొట్టే ఎర్రరంగు వల్ల జరిగేది చాలావరకు ఇదే, అందుకే ఆ పనిని రక్షణ అనడానికి నోరు రాదు.

రంగు నిజంగా అవసరమైన చోట్లు కంటికి కనిపించనివి. బ్రేకు షూ ఇనుప పట్టీకీ దాని మీద అంటించిన లైనింగుకూ మధ్య తుప్పు పుట్టిందంటే, తుప్పు పరిమాణం తాను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ గనుక, అది లైనింగును లోపలి నుంచి ఎత్తి పగలగొడుతుంది. లారీల బ్రేకుల్లో ఇది పేరుమోసిన సమస్య. అందువల్ల పాత లైనింగు తీసివేసిన రోజునే ఆ పట్టీని శుభ్రం చేసి, తుప్పు నిరోధక ప్రైమరు వేసి, ఆ తరువాతే కొత్త లైనింగు అంటించడం లేదా రివిట్లతో బిగించడం తెలివైన పని. డ్రమ్ము వెనుక ఉండే రేకుపళ్లెం, డ్రమ్ము బయటి వైపు, డిస్కు మధ్యలోని టోపీ భాగం, స్ప్రింగులు, బ్రాకెట్లు రంగుకు అర్హమైనవే.

కరక్కాయ రసాయనం

రంగు మన్నిక మూడొంతులు దాని కింది శుభ్రతను బట్టి ఉంటుందని ఈ పని తెలిసినవారందరూ ఒప్పుకుంటారు. పొలుసులుగా ఉన్న తుప్పును వైరు బ్రష్షుతో, ఉప్పుకాగితంతో, వీలైతే ఇసుకపోటుతో తీసివేశాక, గుంటల్లో మిగిలే మొండి తుప్పును రసాయనంతో లొంగదీయాలి. అందుకు వాడే ద్రావణాల్లో ఒక రకానికి ఆధారం ఫాస్ఫారిక్ ఆమ్లం, అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. రెండో రకానికి ఆధారం టానిక్ ఆమ్లం, అది తుప్పుతో కలిసి గట్టి నల్లని పొర అవుతుంది.

ఈ రెండోది తెలుగు నేలకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి నానబెట్టి ‘కసిమి’ తయారుచేస్తారు. ముందుగా కరక్కాయ కషాయంలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ కసిమితో గీత గీసిన మరుక్షణం గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, కసిమిలోని ఇనుము కలిసి ఏర్పడే ఆ నలుపే, తుప్పు మార్పిడి ద్రావణాన్ని బ్రేకు డ్రమ్ము మీద పూసినప్పుడు కనిపించే నలుపు. కువైట్‌కు పెద్దసంఖ్యలో వలస వెళ్లే కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలు శ్రీకాళహస్తికి మరీ దూరం కాకపోవడం కాకతాళీయమే గాని, ఆ నలుపు ఎందుకు పుడుతుందో ఆ ప్రాంతపు మనిషికి వివరించడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

శుభ్రం చేసిన ఇనుముకూ రంగుకూ మధ్య కాలవ్యవధి ఎంత తక్కువైతే అంత మేలు, ఎందుకంటే సాల్మియా గాలిలో నగ్నమైన పోత ఇనుము కొన్ని గంటల్లోనే మళ్లీ ఎర్రజీర పడుతుంది. పూతల పనిలో లోహపు ఉష్ణోగ్రత మంచుబిందు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలన్న నియమం ఒకటి ఉంది. లేకపోతే కంటికి తెలియని తేమ మీదే రంగు పడి, నెలలోపే పొక్కిలేస్తుంది. ఇక్కడ వాయవ్యం నుంచి వచ్చే ‘షమాల్’ గాలి పొడిదే గాని దుమ్ము తెస్తుంది, కౌస్ గాలిలో దుమ్ము తక్కువైనా తడి ఎక్కువ. కాబట్టి తలుపులు మూసి ఏసీ నడిచే గదిలోనో, చలికాలపు పొడి మధ్యాహ్నాల్లోనో తప్ప ఆరుబయట ఈ పని చేయించడం డబ్బు పారబోసుకోవడమే.

> ఏ పూత, ఎంత వేడి
> ఊళ్లో తిరిగే కారు డిస్కు వంద నుంచి రెండు వందల డిగ్రీల దాకా వేడెక్కడం మామూలు, గట్టిగా వరుసగా బ్రేకు వేస్తే అది అయిదు వందలు దాటగలదు. కాలిపర్ అంత వేడెక్కదు. ఇంటి గేటుకు వేసే సాధారణ ఎనామిల్ ఈ వేడికి మాడిపోతుంది. సిలికోను ఆధారిత వేడిమి రంగులు తట్టుకుంటాయి గాని, వేడి చేసి పక్వం చేయనంతవరకు మెత్తగానే ఉంటాయి. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ గట్టిది. పొడిరంగు అనే పౌడర్ కోటింగును సుమారు రెండు వందల డిగ్రీల కొలిమిలో కాల్చాలి గనుక, రబ్బరు సీళ్లన్నీ ముందే తీసివేయాలి.

లోపలి తుప్పు

రంగు గురించి ఎంత చెప్పినా, పాత కారు బ్రేకులను చంపేది చాలాసార్లు లోపలి తుప్పే. బ్రేకు ఆయిల్ అని వాడుకలో పిలిచే డాట్ 3, డాట్ 4 ద్రవాలు నిజానికి నూనెలు కావు, గ్లైకాల్ జాతి రసాయనాలు. ఇవి రబ్బరు గొట్టాల గుండా, మూతల సందుల్లోంచి గాలిలోని తేమను నిత్యం పీల్చుకుంటాయి. తాజా డాట్ 3 మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలుండాలి, తేమ పీల్చుకున్నాక ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకు ఆనినా కారు ఆగదు. అదే తేమ సిలిండర్ల లోపలి గోడలను తొలిచి గుంటలు చేస్తుంది, ఆ గుంటల మీదుగా కదిలే రబ్బరు సీలు చిరిగి ద్రవం కారుతుంది. 1965లో నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులతో వచ్చిన షెవ్రోలే కార్వెట్ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ: నిలిపి ఉంచిన కార్లలో కాలిపర్ పిస్టను గదులు తుప్పుపట్టి కారడం పరిపాటి కావడంతో, వాటికి తుప్పు పట్టని ఉక్కు తొడుగులు దించడం ఒక ప్రత్యేక వృత్తిగానే స్థిరపడింది.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఈ ద్రవం రంగుకు కూడా శత్రువే. మర దగ్గర ఒక్క బొట్టు కారినా కింది రంగు ముడతలుపడి ఊడివస్తుంది. అందుచేత రంగు వేసిన కాలిపర్ మీద ఎక్కడైనా రంగు లేచి ఉంటే, దాన్ని అందం చెడిందన్న దృష్టితో గాక కారుతున్న జాడగా చూడాలి. సిలికోనుతో చేసిన డాట్ 5 ద్రవం రంగును పాడుచేయదు, తేమను పీల్చుకోదు, అందుకే ఎక్కువకాలం కదలకుండా ఉండే ప్రదర్శన కార్లలో దాన్ని ఇష్టపడేవారున్నారు. కాని గ్లైకాల్ ద్రవంతో దాన్ని కలపరాదు, లోపలికి వచ్చిన నీరు అందులో కరగక అడుగున ఒకేచోట చేరుతుంది. అమెరికాలో 1968 నుంచి బ్రేకులకు రెండు వేర్వేరు ద్రవ మార్గాలు తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందరి చాలా కార్లలో మార్గం ఒక్కటే, ఒక్క గొట్టం తెగితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే.

గొట్టాల విషయంలో మాత్రం రంగు గొడవే లేని పరిష్కారం ఒకటుంది. రాగికి సుమారు పది శాతం నికెల్, కొద్దిగా ఇనుము కలిపిన మిశ్రలోహపు గొట్టాలను వోల్వో సంస్థ 1976 నుంచే వాడుతోంది. ఉప్పునీటిని తట్టుకోవడంలో వీటికి ఉక్కు గొట్టం సాటిరాదు. ఒట్టి రాగి గొట్టం చూడటానికి ఇలాగే ఉన్నా అదురుడుకు అలిసి పగులుతుంది గనుక వాడకూడదు. కారు తయారైన నాటి రూపమే కావాలని పట్టుబట్టే యజమానులు దీనికి ఒప్పుకోకపోవచ్చు. రోడ్డెక్కే కారు విషయంలో ఆ పట్టుదల అంత మెచ్చదగినది కాదు.

డ్రైవరు ఊపిరితిత్తులు

కువైట్‌లో ఇంటి పనివారికి ఇచ్చే ఇరవయ్యో నంబరు వీసాను తెలుగువారు ఖాదిమ్ వీసా అంటారు. ఆ వీసా మీద డ్రైవరుగా వెళ్లిన రాయలసీమ, గోదావరి జిల్లాల మనుషులు సాల్మియా, రుమైథియా, సల్వా ఇళ్లలో కనిపిస్తారు. కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, పాత కారు ముచ్చట ఉంటే, దాన్ని కడగడం, వారానికోసారి స్టార్టు చేయడం, షువైఖ్ పారిశ్రామికవాడకు తీసుకుపోయి పని అయ్యేదాకా కాపలా ఉండటం డ్రైవరు పనిలో కలిసిపోతాయి. కాలక్రమాన చక్రం విప్పడం, తుప్పు గీకడం కూడా అతని చేతికే వస్తాయి.

ఇక్కడ చెప్పక తప్పని విషయం ఆస్బెస్టాస్. పాత కార్ల బ్రేకు లైనింగుల్లో, వేడిని తట్టుకునే ఈ నారఖనిజం విరివిగా వాడేవారు. డ్రమ్ము విప్పినప్పుడు లోపల పేరుకున్న బూడిదరంగు పొడిలో దాని సన్నని పోగులుంటాయి, అవి ఊపిరితిత్తుల్లో చేరితే వ్యాధి బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. షెడ్డుల్లో అలవాటుగా చేసినట్టు ఆ పొడిని గాలిగొట్టంతో ఊదడం, పొడి బ్రష్షుతో దులపడం ప్రమాదకరం. నీటితో బాగా తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయాలి, ముక్కుకు సన్నని రేణువులను ఆపే మాస్కు ఉండాలి. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఇందుకు పనికిరాదు. పెట్రోలుతో కడగడం ఇంకో పాత అలవాటు. అది నిప్పు ప్రమాదమే గాక, బ్రేకు రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడుచేస్తుంది. క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనర్‌తో తుడిచిన ఇనుము ఆరకముందే దాని దగ్గర వెల్డింగు చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద ఈ హెచ్చరికలు ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటాయి, చదవవలసిన మనిషి చదివేది తెలుగు.

వేసవిలో యజమానులు నెలల తరబడి దేశం విడిచి వెళ్లినప్పుడు పాత కారు గుడ్డకప్పుకొని కదలకుండా ఉండిపోతుంది, తుప్పుకు అదే అదను. ఆ కాలంలో హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి కాబట్టి, చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టి బ్రేకు వదిలి ఉంచడం, కదపగల వీలున్నచోట పదిహేను రోజులకోసారి కారును కొద్దిదూరం నడిపి మెల్లగా బ్రేకులు వేయడం, మంచినీటితో కడిగిన రోజున ఆరేదాకా తిప్పి గాని నిలపకపోవడం, రెండేళ్లకోసారి బ్రేకు ఆయిల్ మార్పించడం ఏ రంగుడబ్బా కంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఈ పనులు నేర్చిన డ్రైవరు అకామా మీద, అంటే నివాస పత్రం మీద, వృత్తి గడిలో డ్రైవర్ అనే ఉంటుంది. తిరిగివెళ్లి రాయచోటిలో షెడ్డు పెట్టుకున్న మనిషికి సముద్రం వంద కిలోమీటర్లకు పైగా దూరం, అక్కడి కార్ల బ్రేకులకు దుమ్మే తప్ప ఉప్పు తగలదు. ఇదే విద్యకు విశాఖపట్నంలోనో కాకినాడలోనో, తీరం వెంబడి ఇళ్లున్న ఏ ఊళ్లోనైనా పని దొరుకుతుంది, బ్రేకు షూ పట్టీకి ప్రైమరు వేసి మరీ లైనింగు అంటించే మనిషిని వెతుక్కునే కారు యజమాని దొరికితే.